సరిహద్దు గీత ఎవరి చేతిలో నుండవలెను?

(మన సంఘ సర్వసభ్య సమావేశమున కార్యవర్గ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను, న్యాయవాదిని గాను. మెట్రిక్యులేషను ముగియగానే తండ్రిగారి అంగడిలో త్రాసు పట్టినవాడను. అయినను నేటి తీర్మానముపై మొదట మాటాడు భారమును కార్యవర్గమువారు నా కప్పగించిరి. తీర్మానపు ప్రతి మీ చేతులలో నున్నది. పట్టణ వార్డులు మొదలుకొని శాసనసభా నియోజకవర్గముల వరకు సరిహద్దులు నిర్ణయించు పనిని పాలకపక్షమునకు విడిచిపెట్టక, పాలకపక్షమువారును ప్రతిపక్షమువారును సరిసమానముగా కూర్చుండు ఉభయపక్ష సంఘమున కప్పగింపవలెనని దాని సారము. దీనిని నేను బలపరచుచున్నాను. కాని యిది యిట్లే యున్నచో మనకు చాలదని గూడ మనవి చేయవలసియున్నది. ఎందుకు చాలదో చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

మన కష్టముతోనే ఆరంభింతును. మా పట్టణమున తెలుగువారి వీధులు మూడు. పూర్వము ఆ మూడును ఒకే వార్డులో నుండెడివి. కౌన్సిలరు పదవికి ఎవరు నిలిచినను మా వీధులకు వచ్చి, అరుగులపై కూర్చుండి, మా పాఠశాలకు తెలుగు ఉపాధ్యాయుని గూర్చి మాట యిచ్చి పోయెడివారు. మాట నిలుపుకొన్నవారు కొందరు, మరచినవారు కొందరు. కాని గడప త్రొక్కనివారు మాత్రము లేరు. కొన్ని సంవత్సరముల క్రిందట వార్డులను మరల విభజించిరి. మూడు వీధులును మూడు వార్డులలో పడినవి. మా అంగడి ఒక వార్డు, ఎదుటి వరుసలోని మా పినతండ్రిగారి యిల్లు మరియొక వార్డు అయినది. ఆ తరువాత ఉపాధ్యాయుడు ఉద్యోగ విరమణ చేసెను. ఆ స్థానము రెండు సంవత్సరములు ఖాళీగా నుండెను. మేము ముగ్గురు కౌన్సిలర్లను చూచితిమి. ముగ్గురును మర్యాదగానే మాటాడిరి. అది తమ వార్డు పని గాదని ముగ్గురును చెప్పిరి.

నేనెవరిని నిందింతును? ప్రతిపాదనను కార్యాలయపు గోడకు అంటించిరి. అభ్యంతరములకు గడువు గూడ నిచ్చిరి. అవి పండుగ బేరముల దినములు. అంగడి విడిచి మాలో ఒక్కడును పోలేదు. పోనివారిలో మొదటివాడను నేనే. గడువు దాటిన పిమ్మట అర్జీ పట్టుకొని పోగా, గుమాస్తా ఒకడు నవ్వి, "అయ్యా, ముద్ర పడినది" అని చెప్పెను.

ఇందలి లెక్కను ఒక ఉదాహరణముతో చెప్పెదను. వార్డునకు 2,000 ఓట్లని అనుకొందము. మనవారి ఓట్లు 750. అవి ఒకేచోట నున్నచో నూటికి 37 పైబడి యగును. ఏ అభ్యర్థియు మనలను దాటి పోలేడు. వానినే మూడు వార్డులకు 250 చొప్పున పంచినచో నూటికి పన్నెండున్నర యగును. మనుష్యులు వారే, ఓట్లు అవియే, ఇండ్లు గూడ కదలలేదు. గీత మాత్రమే కదలినది. బెల్లపు దిమ్మెను ఎన్ని ముక్కలు చేసినను తూకము తగ్గదు. ఓటు అట్టిది గాదు; ముక్కలైనకొలది తూకము తగ్గును. కావుననే గీత గీయువాడెవడు, ఏ నియమమును బట్టి గీయును అను ప్రశ్న మనవంటి కొద్దిమందికి ప్రాణసమానమైనది.

ఈ ప్రశ్నను అందరికంటె ఎక్కువగా తర్కించినవారు అమెరికా సంయుక్త రాష్ట్రములవారు. అక్కడ రాష్ట్ర శాసనసభలే తమ నియోజకవర్గములను తాము గీసికొను ఆచారము మొదటినుండి యున్నది. కంచె చేను మేసినట్లు అను సామెత మనకు గలదు. కంచెను నాటవలసినవాడే చేను యజమానియు, మేయు పశువు యజమానియు నైనచో నేమగునో ఆ దేశ చరిత్ర చెప్పుచున్నది. 1812లో మసాచుసెట్సు రాష్ట్ర గవర్నరు ఎల్‌బ్రిడ్జి గెర్రీ తన పక్షమునకు అనుకూలముగ గీసిన నియోజకవర్గముల చట్టముపై సంతకము చేసెను. అందొక నియోజకవర్గము వంకరలు తిరిగి, సాలమాండరు అను బల్లివంటి జంతువును పోలియుండెను. బోస్టను పత్రిక యొకటి దానికి రెక్కలును గోళ్లును గీసి, గవర్నరు పేరును జంతువు పేరును కలిపి "గెర్రీమాండరు" అని నామకరణము చేసెను. రెండువందల యేండ్లు దాటినను ఆ మాట అన్ని దేశముల రాజకీయములలో నిలిచియున్నది.

వంకరగా గీయుట ఒక దోషమైనచో, అసలు గీయకుండుట మరియొక దోషము. టెనెస్సీ రాష్ట్రమున 1901 తరువాత అరువది యేండ్లు శాసనసభా స్థానములను జనసంఖ్యకు తగినట్లు సవరింపలేదు. పట్టణములు పెరిగినవి, పల్లెల ప్రతినిధులు తమ పీఠములను విడువలేదు. 1962లో సుప్రీంకోర్టు ఇట్టి వివాదమును న్యాయస్థానములు విచారింపవచ్చునని చెప్పెను. 1964లో అలబామా రాష్ట్రపు వ్యాజ్యమున రాష్ట్ర శాసనసభా నియోజకవర్గములు జనసంఖ్యలో వీలైనంత సమానముగా నుండవలెనని తీర్పు చెప్పెను. ఒక మనిషికి ఒక ఓటు, ఒక విలువ అని దాని తాత్పర్యము. అయితే సంఖ్యలు సమానమైనంత మాత్రమున గీత నిష్పక్షపాతమైనది కాదు గదా! సమాన సంఖ్యలతోనే వంకర గీతలు గీయుట గూడ రాజకీయులు నేర్చిరి. అట్టి పక్షపాతమును సరిదిద్దుట తమ పని గాదని 2019లో అదే సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురు అను తేడాతో తీర్పు చెప్పెను. కావున కేంద్ర న్యాయస్థానముల తలుపు ఆ విషయమున మూతపడినది. గీత గీయు చేతినే మార్చుట ముఖ్యమైన మార్గముగా మిగిలినది.

చేతిని మార్చుట యనగా ఉభయపక్ష సంఘము. న్యూజెర్సీ రాష్ట్రము 1966లోనే దీనిని తన రాజ్యాంగమున చేర్చుకొన్నది. ఒక పక్షమునుండి అయిదుగురు, రెండవ పక్షమునుండి అయిదుగురు. వారు గడువులోగా ఏకాభిప్రాయమునకు రానిచో ఆ రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి పదునొకండవ వానిని నియమించును. ఈ యేర్పాటు వ్యాపారులమైన మనకు క్రొత్త గాదు. భాగస్వాములు విడిపోవునప్పుడు ఇరువైపుల ఇద్దరిద్దరు పెద్దమనుష్యులును, నడుమ అందరు గౌరవించు ఒక మధ్యవర్తియు కూర్చుండు పద్ధతియే యిది. ఆ నడిమివాడున్నాడను భయమే రెండు పక్షములను సామరస్యమునకు తెచ్చును. మొండిగా నున్న పక్షమును విడిచి అతడు రెండవవైపు మొగ్గవచ్చును గదా!

ఆ నడిమివాడు లేనిచో నేమగునో వర్జీనియా రాష్ట్రము చూపినది. 2020 నవంబరులో అక్కడి ఓటర్లు, దాదాపు మూడింట రెండువంతులవారు, ఉభయపక్ష సంఘమును కోరుచు రాజ్యాంగ సవరణను ఆమోదించిరి. సభ్యులు 16 మంది. అందు ఎనమండుగురు శాసనసభ్యులు, రెండు పక్షములకు సమముగా. తక్కిన ఎనమండుగురు పౌరులు. ఏ పటమైనను నెగ్గుటకు శాసనసభ్యులలో ఆరుగురు, పౌరులలో ఆరుగురు సమ్మతింపవలెను. కాగితముపై చూచిన నింతకంటె న్యాయమైన త్రాసు లేదనిపించును. కాని జరిగినదేమి? ఒక్కొక్క పక్షము తన న్యాయవాదులను, తన పటములు గీయువారిని వేర్వేరుగా పెట్టుకొన్నది. రెండు పటములు వచ్చినవి. రెంటిని కలుపు చేయి లేదు. 2021 అక్టోబరునాటికి చర్చలు చెడినవి. ఒక్క పటమైనను సంఘము ఆమోదింపలేకపోయెను. పని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టునకు పోయినది.

తరువాతి సంగతి మరింత గమనింపదగినది. కోర్టువారు రెండు పక్షములు సూచించిన పేర్లనుండి ఒక్కొక్కరి చొప్పున ఇద్దరు నిపుణులను ఎన్నుకొని, ఇద్దరును కలిసి ఒకే పటము తేవలెనని యాజ్ఞాపించిరి. వారు కలిసి పనిచేసిరి. ఆ పటములను 2021 డిసెంబరు 28న కోర్టు ఏకగ్రీవముగా ఆమోదించెను. పదునార్గురు చేయలేని పనిని ఇద్దరు చేసిరి. వారిని సూచించినవి గూడ ఆ పక్షములే. భేదమెక్కడ నున్నది? మొదటివారిలో పలువురు తమ పక్షమునకు లెక్క చెప్పవలసినవారు. రెండవవారు న్యాయస్థానమునకు లెక్క చెప్పవలసినవారు. గుమాస్తా ఎవరి సొమ్ము తినుచున్నాడనుటకంటె, సాయంకాలము ఎవరికి చిట్టా చూపవలెననునదే ముఖ్యమని నా అంగడి అనుభవము గూడ చెప్పుచున్నది.

ఉభయపక్ష సంఘమునకు మరియొక ప్రమాదము గలదు. రెండు పక్షములును పోట్లాడుట ఒక చిక్కైనచో, రెండును ఒప్పందము చేసికొనుట మరియొక చిక్కు. పిల్లులు రెండు రొట్టెకై పోట్లాడగా నడుమ కోతి తినిపోయిన కథ మనకు తెలియును. పిల్లులు రెండును రాజీపడి, కోతిని రానీయక, రొట్టెను చక్కగా పంచుకొన్న కథ యెవరును చెప్పరు. ఆ రొట్టె మనమైనప్పుడు ఆ రాజీ మనకేమి మేలు చేయును? "ఈ నాలుగు స్థానములు మీకు, ఆ నాలుగు మాకు" అని రెండు పక్షములును పదవిలోనున్న తమ సభ్యులకు క్షేమకరమైన గీతలు గీసికొన్నచో, ఏ పక్షమునకును సొంతము గాని మనవంటివారు గీతల నడుమ నలిగిపోవుదురు. సమానత్వము రెండు పక్షముల నడుమనే గాని పక్షములకును ప్రజలకును నడుమ లేకున్నచో అది సగము న్యాయమే.

ఈ రెండు చిక్కులను తలచుకొని కాలిఫోర్నియా ప్రజలు వేరొక దారి పట్టిరి. 2008లో ప్రజల ఓటుచేత రాష్ట్ర శాసనసభా స్థానములకును, 2010లో కేంద్ర కాంగ్రెసు స్థానములకును పౌరుల సంఘము నేర్పరచిరి. సభ్యులు 14 మంది. రెండు పెద్ద పక్షములనుండి అయిదుగురి చొప్పున పదుగురు, ఏ పక్షమునకును చెందనివారు నలుగురు. వారిని నాయకులు నియమింపరు. దరఖాస్తులను రాష్ట్ర ఆడిటరు వడపోయగా, మొదటి ఎనమండుగురి పేర్లు చీట్లు వేసి తీయుదురు; ఆ ఎనమండుగురును తక్కిన ఆరుగురిని ఎన్నుకొందురు. పటము నెగ్గుటకు తొమ్మిది ఓట్లు కావలెను; అందు ఒక్కొక్క పక్షమునుండి ముగ్గురును, ఏ పక్షమునకును చెందనివారిలో ముగ్గురును ఉండితీరవలెను. అనగా రెండు పిల్లులు రాజీపడినంత మాత్రమున రొట్టె తెగదు. మూడవవాడు గూడ తలయూపవలెను.

అంతకంటె మనకు ముఖ్యమైనది వారి నియమములలో నున్నది. జనసంఖ్య మొదలైన ముందటి నియమముల తరువాత, ఒకే విధమైన అవసరములు గల జనసముదాయములను వీలైనంతవరకు చీల్చరాదని అందు వ్రాసియున్నది. ప్రజలు బహిరంగ సభలకు వచ్చి తమ వీధుల పటములు చూపి, "మేము ఇక్కడినుండి అక్కడివరకు ఒక్కటి" అని చెప్పుకొనవచ్చును. చెప్పుకొన్నవారి మాట లెక్కలోనికి వచ్చును. చెప్పుకొననివారిని ఏ సంఘమును వెదకుకొని రాదు.

ఏ యేర్పాటును శాశ్వతమని నమ్మరాదని గూడ చెప్పుట ధర్మము. 2025 ఆగస్టులో టెక్సాసు శాసనసభ జనాభా లెక్కలకు ముందుగనే కాంగ్రెసు స్థానములను తిరిగి గీసెను. దానికి బదులుగా కాలిఫోర్నియావారు 2025 నవంబరు 4న ఓటువేసి, తమ పౌరుల సంఘము గీసిన కాంగ్రెసు పటమును 2030 వరకు ప్రక్కనబెట్టి, శాసనసభవారు గీసిన పటమును స్వీకరించిరి. రాష్ట్ర శాసనసభా స్థానములు మాత్రము సంఘము గీసినట్లే యుండెను. పొరుగు అంగడివాడు దొంగతూకపు రాళ్లు పెట్టినప్పుడు నిజమైన రాళ్లు గలవాడు సైతము ఎంతకాలము నిలువగలడను ప్రశ్న అందరిని బాధించునట్టిదే.

ఇక మన దేశమునకు వచ్చెదను. స్వాతంత్ర్యానంతరము మొదటి నియోజకవర్గములను 1950-51లో ఎన్నికల సంఘ సహాయముతో రాష్ట్రపతి ఉత్తర్వులద్వారా నిర్ణయించిరి. దానిపై అసంతృప్తి కలుగగా 1952లో స్వతంత్ర పునర్విభజన సంఘమునకు చట్టము చేసిరి. 1952, 1962, 1972, 2002 చట్టములక్రింద నాలుగు పర్యాయములు దేశమంతటికి సంఘములేర్పడినవి. చివరి సంఘమునకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిసు కుల్‌దీపు సింగుగారు అధ్యక్షులు. రాజకీయపక్షములవారు అందు లేకపోలేదు. ప్రతి పెద్ద రాష్ట్రమునుండి లోకసభ సభ్యులైదుగురు, శాసనసభ సభ్యులైదుగురు సహ సభ్యులుగా కూర్చుండిరి. వారు మాటాడవచ్చును, అసమ్మతి వ్రాయవచ్చును, ఆ అసమ్మతిని ప్రతిపాదనతోపాటు ప్రకటింపవలెను. కాని వారికి ఓటు లేదు. అమెరికాలో పక్షములకు పీటవేసి ఓటిచ్చిరి. మనవారు పీటవేసి ఓటు ఇవ్వలేదు. వర్జీనియా చరిత్ర చూచిన పిమ్మట మన పెద్దలది తెలివియే యని నాకు తోచుచున్నది. పాలకపక్షపు కొమ్ము కాయని మధ్యవర్తి మనకు చట్టముననే గలడు.

అయితే లోపమేదనగా నియమములలో గలదు. 2002 చట్టము ప్రకారము నియోజకవర్గము ఒకేచోట పొందికగా నుండవలెను. కొండలు నదులు వంటి సహజ లక్షణములు, జిల్లా తాలూకా ఎల్లలు, రాకపోకల సౌకర్యము, ప్రజల సౌలభ్యము చూడవలెను. ఇవన్నియు మంచివే. కాని ఒకే భాష, ఒకే అవసరము గల జనసముదాయమును చీల్చరాదను మాట ఆ పట్టికలో లేదు. "ప్రజల సౌలభ్యము" అను మాటలోనికి మనమే మన మాటను చొప్పించుకొనవలెను.

అట్లు చొప్పించుట అసాధ్యము గాదు. మన పెద్దల కాలమున ఆంధ్ర, మదరాసు రాష్ట్రముల సరిహద్దు తగవును తీర్చుటకు రెండు ప్రభుత్వములును పటాస్కరుగారిని మధ్యవర్తిగా అంగీకరించెను. గ్రామమే ప్రమాణము, భూభాగము ఎడతెగక యుండవలెను, అధికసంఖ్యాకుల భాష చూడవలెను అను నియమములు ముందుగా తెలిసినవి. వానినిబట్టి 1959లో చట్టమై, 1960 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చినది. తిరుత్తణి తాలూకాలో అధికభాగము మదరాసునకు పోయెను. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రకు వచ్చెను. ఆ గీతకు ఈవలపడి బాధపడినవారి బిడ్డలు ఈ సభలో నుండవచ్చును. బాధ నిజమే. కాని నియమము ముందు చెప్పి, మధ్యవర్తిని ఇరువురు ఒప్పుకొని గీసిన గీత గనుక అది నిలిచినది. నియమము తెలిసిన ఓటమిని మనుష్యుడు ఓర్చుకొనగలడు; నియమము తెలియని గెలుపును గూడ నమ్మలేడు.

కావున తీర్మానమునకు నేను మూడు సవరణలు కోరుచున్నాను. మొదటిది: ఉభయపక్షములు సమానముగా నున్నను, ఏ పక్షమునకును చెందని అధ్యక్షుడొకడు ఓటుహక్కుతో నుండవలెను, విశ్రాంత న్యాయమూర్తియైన శ్రేష్ఠము. రెండవది: భాషాల్పసంఖ్యాకులు గుంపుగా నివసించు వీధులను, గ్రామములను తగిన కారణము వ్రాయనిదే చీల్చరాదని నియమములలో చేర్చవలెను. మూడవది: ప్రతిపాదనను ఆ ప్రాంతమున వాడుకలోనున్న అల్పసంఖ్యాకుల భాషలో గూడ ప్రకటించి, బహిరంగ విచారణ జరుపవలెను. మొదటి సవరణ లేనిచో పని ఆగును. రెండవది లేనిచో మనము నలుగుదుము. మూడవది లేనిచో మనకు తెలియనే తెలియదు.

తీర్మానముతో మన పని తీరదు. కాలము సమీపించుచున్నది. 2001 నాటి 84వ రాజ్యాంగ సవరణ స్థానముల సంఖ్యను 2026 తరువాతి మొదటి జనాభా లెక్కలవరకు నిలిపియుంచినది. 2027 మార్చి 1ని ఆధార దినముగా జనగణన జరుపుదుమని కేంద్ర ప్రభుత్వము 2025 జూనులో ప్రకటించినది. నియోజకవర్గముల ఉత్తర్వులు ఒకసారి వెలువడిన పిమ్మట, రాజ్యాంగమందలి 329వ అధికరణము ప్రకారము వానిని సామాన్యముగా న్యాయస్థానములలో ప్రశ్నింప వీలుపడదు. పురపాలకములకు గూడ ఇట్టి నిబంధనయే కలదు. ముద్ర పడినదని గుమాస్తా నాతో నవ్వుచు చెప్పిన మాటలో ఆ చట్టమే యున్నది. మాటాడవలసినది ముద్ర పడక ముందే.

అందువలన ప్రతి శాఖాసంఘమును మూడు పనులు చేయవలెనని ప్రార్థించుచున్నాను. ఒకటి: మన వీధులు, గ్రామములు ఎక్కడ ఆరంభమై ఎక్కడ ముగియునో చూపు పటమొకటి నేడే గీసి ఉంచుడు. పాఠశాల, గుడి, సంత, బావి అందు గుర్తింపుడు. మనము ఒక్కటియని చెప్పునవి అవియే. రెండు: జనగణన ఉద్యోగి వచ్చి మాతృభాష యేదని అడిగినప్పుడు, ఇంట తెలుగు మాటాడుచు బయటి మొగమాటముచేత వేరొక పేరు చెప్పవలదు. ఉన్నది ఉన్నట్లు వ్రాయింపుడు. మన అర్జీకి అదియే సాక్ష్యము. మూడు: విచారణ దినమున అంగడి మూసియైనను ఇద్దరు పోవలెను. ఒకరు మాటాడుటకు, ఒకరు చెప్పినది వ్రాసికొనుటకు.

మన పొరుగువారైన కన్నడిగులు, తమిళులు, ఒడియావారు, మరాఠీవారు మనకు శత్రువులు గారు. వారితో బేరము, వారితో పండుగ, వారితో చావుపుట్టువులు మనకు గలవు. వారి ఓటు తూకమును తగ్గింపుడని మన మడుగుట లేదు. మన తూకము మనకుండవలెనని మాత్రమే కోరుచున్నాము. అదే నియమము ఆంధ్ర, తెలంగాణములలోని తమిళులకును, కన్నడిగులకును వర్తింపవలెనని మనమే ముందుగా చెప్పుదము. త్రాసు ఒకటే గాని కొనునప్పుడొకటి, అమ్మునప్పుడొకటి గారాదు.

మా పాఠశాలకు తుదకు ఉపాధ్యాయుడు వచ్చెను. కాని ఆ రెండేండ్లలో తెలుగు తరగతి విడిచి వేరు పాఠశాలలకు పోయిన పిల్లలు తిరిగి రాలేదు. గీత కదలినప్పుడు మేము అంగడిలో కూర్చుండి లాభము లెక్కించుకొనుచుంటిమి. ఆ నష్టమును నేను చిట్టాలో ఏ పద్దున వ్రాయవలెనో నాకు నేటికిని తెలియలేదు. మీలో నెవరికిని అట్టి పద్దు వ్రాయు దినము రాకుండుగాక యని కోరుచు, సవరణలతో ఈ తీర్మానమును ఆమోదింప ప్రార్థించి విరమించుచున్నాను.